ముప్పై ఏడుకి ప్రాక్సీ

ఆదివారం పొద్దున పదిన్నర కావస్తుండగా చిలక నోట్లోంచి పళ్ళ సెట్టు తీసి గ్లాసు నీళ్ళలో వేశాడు. పదకొండింటికి మాట్లాడాల్సిన పని ఉంది. అంతవరకూ చిగుళ్ళకి కాస్త తెరిపి ఇద్దామని.

చిలక అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, కాలేజీలో తగులుకున్నది. ఎవరి గొంతైనా ఒక్కసారి వింటే చాలు, దించేసేవాడు. ప్రిన్సిపాల్ దగ్గు, లైబ్రరీ గుమాస్తా ముక్కుమాట, లెక్కల మాస్టారి నత్తి, అన్నీ. కళ్ళు మూసుకుని వింటే ఆ మనిషి ఎదురుగా నిలబడ్డట్టే. ఇప్పుడు అరవై నాలుగేళ్ళొచ్చాయి. బుగ్గలు లోపలికి పోయాయి. సొంత పన్ను ఒక్కటీ మిగల్లేదు గానీ ఆ పేరు మాత్రం ఊడలేదు.

అతని పని కూడా పళ్ళదే. పళ్ళ డాక్టర్లు మనిషి నోటి అచ్చు తీసి పంపిస్తారు. ఆ అచ్చులో ప్లాస్టర్ పోస్తే తెల్లటి దవడ వస్తుంది. దాని మీద మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు కూర్చి, సెట్టు తయారుచేసి తిరిగి పంపాలి. నలభై ఏళ్ళుగా ఆ ముందు గదిలో, ఆ కిటికీ పక్క బల్ల మీద అదే పని. పని అయ్యాక దవడలు పగలగొట్టి పారేసేవాడు. తన క్లాసువాళ్ళవి మాత్రం దాచేవాడు. గోడకున్న అలమరలో వరసగా పేర్చి, ఒక్కోదాని కింద పెన్సిలుతో వాళ్ళ రోల్ నంబరు రాసేవాడు.

పాత స్నేహితులెలా ఉన్నారో తెలుసుకోవాలంటే వాళ్ళు చెప్పేది వినక్కర్లేదని చిలక అభిప్రాయం. పళ్ళు చూస్తే చాలు. ఐదో నంబరు బ్యాంకులో పెద్దవాడయ్యాడని అందరూ కుళ్ళుకున్నారు గానీ, వాడు నిద్రలో పళ్ళు కొరికి కొరికి సగానికి అరగదీసుకున్నాడని చిలకకే తెలుసు. నలభై ఒకటో నంబరావిడ మొగుడితో బ్రహ్మాండంగా ఉన్నానంటుంది. ఆవిడ ముందు పళ్ళు రెండు ఒకేసారి ఎలా విరిగాయో ఆ దవడ చెబుతుంది. చిలక ఈ సంగతులు ఎవరికీ చెప్పడు. ఒక్కడే కూర్చుని చూసి, లోపల్లోపల నవ్వుకుంటాడు.

మేడ మీద కూతురూ అల్లుడూ ఉంటారు. కూతురు ఆసుపత్రిలో నర్సు. ముందు గదికీ వెనక పడకగదికీ మధ్య మేడమెట్లు, ఆ మెట్ల కింద ఒక గూడు. దాన్ని గది అనడానికి లేదు. తల వంచి దూరాలి, లోపల నిలబడ్డానికి వీల్లేదు. ప్లాస్టర్ బస్తాలు, పనికిరాని సామాను పడేసే చోటు. తలుపుకి బయట గడియ. కూతురికి ఆరేళ్ళప్పుడు దాగుడుమూతలాడుతూ అందులో దూరి, లోపల్నుంచి మెట్ల చెక్కని టకటకా కొట్టింది. చిలక పరుగెత్తుకొచ్చి, బయటికి లాగి, చెంప వాయించాడు. జన్మకంతా ఆ పిల్లని అతను కొట్టింది అదొక్కసారే. ఎందుకు కొట్టాడో ఆమెకి ఈరోజుకీ తెలీదు.

ఫోన్ మోగింది. లీడర్.

లీడర్ అంటే రాజకీయాల లీడర్ కాదు, క్లాసు లీడర్. తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసి వేరుచేసి రిటైరయ్యాడు. ఎవరి చిరునామా ఎక్కడికి మారిందో, ఎవరికి మనవడు పుట్టాడో, ఎవరు మంచాన పడ్డారో, అన్నీ ఒక లావుపాటి నోటు పుస్తకంలో నంబర్ల వారీగా రాసిపెట్టుకుంటాడు. ఫోన్‌లో క్లాసు గ్రూపు పెట్టిందీ వాడే. ప్రతి ఆదివారం పదకొండింటికి హాజరు పిలుస్తాడు. లీడర్ గొంతుతో నంబరు చెప్పి పంపుతాడు, ఆ నంబరువాళ్ళు 'ప్రెజెంట్ సార్' అని గొంతుతోనే పంపి, ఆ వారం కబుర్లు రెండు చెప్పాలి. చచ్చిపోయినవాళ్ళ నంబర్లు పిలవడు. యాభై రెండు మందిలో ముప్పై మూడు మంది మిగిలారు.

"ఏరా చిలకా, లేచావా?"

"లేవకుండానే ఫోన్ ఎత్తుతానట్రా?"

"ముందు పళ్ళు పెట్టుకో బాబూ. బోసినోటితో నువ్వు మాట్లాడుతుంటే మా మనవడు ఉంగా ఉంగా అన్నట్టుంది."

చిలక సెట్టు తీసి, నీళ్ళు దులిపి, నోట్లో పెట్టుకున్నాడు. "ఊఁ, చెప్పు."

లీడర్ గొంతు తగ్గించాడు. "ఈల గుర్తున్నాడా?"

చిలక నాలుక పై సెట్టుని ఒకసారి నెట్టి మళ్ళీ వదిలింది. "ముప్పై ఏడు. ఎందుకు గుర్తులేడు?"

"వాళ్ళ అక్క నన్ను వెతుక్కుంటూ వచ్చింది రా. డెబ్భై రెండేళ్ళావిడ. ఆవిడకి ఒకే ఒక్క మాట కావాలట. ఆ తొమ్మిది రోజులూ తన తమ్ముడి బదులు హాజరు పలికిందెవరు అని. కేసు పెట్టను, తిట్టను, చచ్చేలోపు ఆ మనిషిని ఒకసారి చూస్తే చాలంటోంది. చూసి ఏం చేస్తారమ్మా అంటే, ఏమీ చెయ్యను, చూస్తానంతే అంటోంది. అప్పట్లో అందరూ నిన్నే అనుకున్నారు. నువ్వు ఒట్టేశావు, నేను నమ్మాను. ఇప్పుడు మళ్ళీ అడుగుతున్నా. నీకేమైనా తెలుసా?"

నిజం చెప్పడానికి ఎంతసేపు? రెండు ముక్కలు. చిలక అలమర వైపు చూశాడు. ఇరవై ఒకటో నంబరు దవడ మీద కళ్ళు ఆగాయి. ఇరవై ఒకటి అంటే పొడుగోడు. నిరుడు పోయాడు.

"పొడుగోడు రా," అన్నాడు చిలక. "వెనక వరసలో మేం ముగ్గురమే కదా కూర్చునేది. వాడే చెప్పేవాడు. పోనీలే పోయినవాడి మీద ఎందుకని ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నా."

"పొడుగోడా!" లీడర్ నిట్టూర్చాడు. "సరే. ఆవిణ్ణి ఇవాళ గ్రూపులో కలిపాను. హాజరు వింటానంది. నేనే మెల్లగా చెప్తాలే."

ఫోన్ పెట్టేశాక చిలక నోట్లో ఏదో వాసన తగిలింది. నోట్లో వాసనేమిటి, రుచి అనాలి. కానీ అది వాసనే. తడిసిన గోనెపట్టా వాసన. సెట్టు తీసి కడిగి, వాసన చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

ఇక్కడ ఆ తొమ్మిది రోజుల సంగతి చెప్పాలి.

వాళ్ళ క్లాసు జరిగేది మెట్లుమెట్లుగా పైకి లేచే చెక్క గ్యాలరీలో. కాళ్ళు ఆనించిన చెక్కల కింద అంతా బోలు. విరిగిన బెంచీలు అందులో తోసేవారు. వెనక నడుమెత్తు తలుపు ఒకటి ఉండేది, దానికి బయట గడియ. ఈల రాత్రిళ్ళు అచ్చాఫీసులో పనిచేసి పొద్దున్నే నేరుగా కాలేజీకొచ్చేవాడు. కళ్ళు మూతలు పడుతుండేవి. ఆ తలుపు తీసుకుని లోపలికి దూరి, విరిగిన బెంచీ మీద పడుకునేవాడు. పోయే ముందు చిలక భుజం తట్టేవాడు. "నేను పడుకుంటా. నువ్వు చెప్పు." అంతే. ఈలకి ముందు పన్ను ఒకటి ఓరగా విరిగి ఉండేది, అందుకే ఆ పేరు. సార్ అంటే సన్నగా ఈల పడేది. చిలక నాలుకని పళ్ళకి ఓరగా ఆనించి, "ప్రెజెంట్ స్సార్" అనేవాడు. తలెత్తకుండా పేజీలోకి చూస్తూ పిలిచే లెక్చరరుకి తేడా తెలిసేది కాదు.

ఒక సోమవారం ఈల లోపలికి దూరాక, ఆ దారిన పోతున్న అటెండరు తలుపు తెరిచి ఉందని గడియ పెట్టి వెళ్ళిపోయాడు.

సాయంత్రం గడియ చూసి చిలక, ఈల లేచి వెళ్ళిపోయాడనుకున్నాడు. బయట గడియ పడితే లోపల మనిషెలా ఉంటాడు? మర్నాడు ఈల కనిపించలేదు. సరే, ఇంట్లో పడి నిద్రపోతున్నాడనుకుని ప్రాక్సీ చెప్పాడు. అప్పుడు కాళ్ళ కింద నుంచి టక్ టక్ మని వినిపించింది. ముందు వరసలో ఎవడో బూటుతో తన్నుతున్నాడనుకుని పొడుగోడు తిరిగి తన్నాడు. వాణ్ణి చూసి ముందు వరసలవాళ్ళు తన్నారు. కాసేపటికి క్లాసు క్లాసంతా దబదబలాడించింది. లెక్చరర్ విసుక్కుని పుస్తకం మూసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు అందరూ ఎంత నవ్వారో!

బుధవారం చిలక "ప్రెజెంట్ స్సార్" అన్న మరుక్షణం, కింద నుంచి, చాలా కింద నుంచి, ఇంకో గొంతు అదే మాట అంది. నీళ్ళు లేక ఎండిపోయిన గొంతు. అరుపులకి ఎవరూ రాకపోతే, హాజరు పలికితేనన్నా వింటారని కాబోలు. ఎవరో, "చిలకా, నీకు మారుమోత కూడా వచ్చట్రా!" అన్నారు. క్లాసు గొల్లుమంది. చిలక కూడా నవ్వాడు. నవ్వుతూనే అతనికి అర్థమైపోయింది.

గడియ తీస్తే ఏమవుతుంది? ఈల బయటికొస్తాడు. వాడు లోపలుండగా హాజరు పలికిందెవరని అడుగుతారు. ప్రాక్సీ దొరికితే ఆ ఏడు పరీక్ష లేదని ప్రిన్సిపాల్ నోటీసు అంటించి వారమైంది. సాయంత్రం అందరూ వెళ్ళాక తీద్దామనుకున్నాడు. సాయంత్రం అటెండరు అక్కడే తిరుగుతున్నాడు. రేపు తీద్దామనుకున్నాడు.

గురువారం టకటకలు లేవు. ఆ రోజు చిలకకి ఎంత హాయిగా అనిపించిందో తల్చుకుంటే ఇప్పటికీ అతనికి తన మీద తనకే డోకు వస్తుంది. ఉన్నట్టుండి హాజరు ఆపేస్తే అనుమానం వస్తుందని రోజూ చెబుతూనే పోయాడు. శుక్రవారం అక్క వచ్చి ఆఫీసు కిటికీ దగ్గర ఏడ్చింది. గుమాస్తా పుస్తకం తిప్పి చూపించాడు. "రోజూ వస్తున్నాడు కదమ్మా, ఇదిగో. ఎక్కడో స్నేహితులతో తిరుగుతుంటాడు." ఆమె నమ్మి వెళ్ళిపోయింది. తర్వాత వాసన మొదలైంది. ఎలుక చచ్చిందన్నారు. ముక్కులకి రుమాళ్ళు కట్టుకుని పాఠాలు విన్నారు. ఎనిమిదో రోజు చెక్కల సందుల్లోంచి తెల్లటి పురుగులు పాకి వచ్చి చెప్పులెక్కాయి. తొమ్మిదో రోజు చెక్కలు పీకారు.

ఇదీ సంగతి. మళ్ళీ ఆదివారానికొద్దాం.

పదకొండయింది. లీడర్ గొంతు వచ్చింది. "ఒకటి?" ఒకటి పలికింది. మోకాళ్ళ నొప్పులట. మూడు పలికాడు. వాడి కోడలు ఉద్యోగం మానేసిందట. ఐదు దర్జాగా పలికాడు. "పన్నెండు?"

"ప్రెజెంట్ సార్," అన్నాడు చిలక. "అంతా బాగే. పనుంది, పళ్ళున్నాయి, నావి కాకపోయినా."

ఇరవై మంది నవ్వు బొమ్మలు పెట్టారు. చిలక సెట్టు తీసి గ్లాసులో వేసి, మిగతావాళ్ళవి వింటూ కూర్చున్నాడు. కిటికీలోంచి ఎండ ఫెళ్ళుమని బల్ల మీద పడుతోంది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. దెయ్యాలకి చీకటే కావాలని ఎవరు చెప్పారో గానీ, వాళ్ళు ఆ రోజు ఆ గదిలో లేరు.

"ముప్పై ఆరు?" ముప్పై ఆరు పలికింది. లీడర్ ఎప్పటిలా ఒకటి వదిలేసి "ముప్పై ఎనిమిది?" అనబోయాడు.

ఈలోపే ఒక గొంతు వచ్చి పడింది.

"ప్రెజెంట్ స్సార్."

ఎండిపోయిన గొంతు. చివర సన్నటి ఈల.

చిలక ఫోన్ దగ్గరికి పెట్టుకుని చూశాడు. ఆ మాట పంపినవాళ్ళ పేరు... తనదే. తన నంబరే. ఫోన్ తన చేతిలోనే ఉంది. పళ్ళు గ్లాసులో ఉన్నాయి. బోసి నోటితో ఈల ఎలా పడుతుంది?

లీడర్ పేలిపోయాడు. "ఒరేయ్ చిలకా, సిగ్గుందట్రా నీకు? ఆవిడ వింటోందని చెప్పానా లేదా?"

ఆ తర్వాత ఒక ముసలి ఆడగొంతు. తొణకకుండా, మెల్లగా.

"ఇది మా తమ్ముడి గొంతు. పలికిన బాబు ఎవరు? కోపం లేదు నాయనా. ఎవరో చెప్పు. చాలు."

రెండోసారి. మళ్ళీ అవే రెండు ముక్కలు. చిలక చివరికి రాసి పంపాడు. 'నేను కాదు. ఫోన్ పాడైంది.' ఫోన్ బోర్లా పెట్టేశాడు.

చెయ్యి ఊరికే ఉంటే మనసు ఊరుకోదని పనిలో పడ్డాడు. నిన్న సాయంత్రం గుమ్మం దగ్గర ఎవరో పెట్టిపోయిన పొట్లం ఒకటి విప్పకుండా ఉంది. మామూలుగా అచ్చుని తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, డాక్టరు పేరూ రోగి పేరూ రాసిన చీటీ పెడతారు. దీంట్లో చీటీ ఉంది గానీ డాక్టరు పేరు లేదు, రోగి పేరు లేదు. '37' అని వేసి, కింద ఒకే ముక్క రాసి ఉంది. 'మాట స్పష్టంగా రావాలి.'

ముప్పై ఏడేళ్ళ మనిషి కాబోలనుకున్నాడు. అలా అనుకోవాలనుకున్నాడు.

సంచి విప్పగానే గుప్పుమంది. నలభై ఏళ్ళుగా చీముపట్టిన చిగుళ్ళ అచ్చులు కడిగిన మనిషికి వాసన కొత్త కాదు. కానీ ఇది నోటి వాసన కాదు. మూసిన చోట నిలవున్న వాసన, చచ్చిన ఎలుక వాసన. ముక్కుతో ఆగకుండా నేరుగా గొంతులోకి దిగి నాలుక వెనక కూర్చుంది. గుడ్డ విప్పితే అచ్చు జిగటగా వేలికి అంటింది. పళ్ళు దిగిన గుంటల్లో ఏవో సన్నటి పుల్లలు ఇరుక్కున్నాయి. పట్టకారుతో ఒకటి లాగాడు. పుల్ల కాదు... చెక్క పేడు. చెక్కని కొరికినవాడి పళ్ళ సందున ఇరుక్కునే పేడు. ఇంకోటి లాగాడు. ఇంకోటి. నాలుగోది లాగబోతే అది తనంతట తనే కదిలి, లోపలికి ముడుచుకుంది. తెల్లగా, మెత్తగా...

చిలక తొట్టిలో వాంతి చేసుకున్నాడు. నోరు పుక్కిలించి వచ్చి, అచ్చు పారేయాల్సింది. పారేయలేదు. చూడాలి. ఎవరి నోరో చూడాలి. ప్లాస్టర్ కలిపి పోశాడు.

గంట ఆగి అచ్చు ఒలిచాడు. తెల్లటి పై దవడ బయటికొచ్చింది. కుర్రవాడి దవడ. పళ్ళన్నీ ఉన్నాయి. ముందు పన్ను ఒకటి ఓరగా విరిగి ఉంది. మిగతావాటి అంచులన్నీ అరిగి ఉన్నాయి. కొరికి... కొరికి...

అతను దాన్ని అలమరలో పెట్టలేదు, నేలకేసి కొట్టాడు. పగల్లేదు. సుత్తితో కొట్టాడు. సుత్తి జారింది. కళ్ళ ముందు నుంచి పోతే చాలనుకుని, గుడ్డలో చుట్టి, మెట్ల కింది గూడు తలుపు తీసి, తల వంచి లోపలికి దూరి, బస్తాల వెనక్కి తోశాడు.

అప్పుడు గుర్తొచ్చింది. బల్ల మీది గ్లాసులో నీళ్ళే ఉన్నాయి. దాంట్లో సెట్టు లేదు.

నోట్లో నాలుక కదిపాడు. పళ్ళు తగిలాయి. తను ఎప్పుడు పెట్టుకున్నాడు? నాలుక ముందు పన్ను దగ్గరికి వెళ్ళింది. ఆ పన్ను... ఓరగా విరిగి ఉంది.

వెనక తలుపు మూసుకుంది. గడియ పడింది. నింపాదిగా, పూర్తిగా పడింది. దారిన పోయేవాడు తలుపు తెరిచి ఉందని మూసినట్టు.

తలుపు సందులోంచి ఒక గుసగుస.

"నువ్వు పడుకో... నేను చెప్తా."

అది ఈల గొంతు కాదు. చిలక సొంత గొంతు.

చిలక తలుపు మీద పడ్డాడు. "అమ్మా!" అని కూతుర్ని కేకేశాడు. కేకేశాడనుకున్నాడు. నోట్లోంచి వచ్చిన మాట వేరు. "ప్రెజెంట్ స్సార్." ఎండిపోయి, గుమ్మం కూడా దాటని గొంతు. మళ్ళీ ప్రయత్నించాడు. తలుపు తీయమని, చచ్చిపోతున్నానని... ఏది అనబోయినా అదే. "ప్రెజెంట్ స్సార్... ప్రెజెంట్ స్సార్..." ప్రతి మాటకీ నోట్లో ఆ వాసన ఊరింది. సెట్టు పీకబోయాడు. అది రాలేదు. చిగుళ్ళే ఊడొస్తున్నట్టు లాగింది. వేలికి తడి తగిలింది. చీకట్లో అది ఏ తడో తెలీలేదు. పాత సామాను మీంచి ఏదో మెత్తగా జారి అతని మణికట్టు మీద పాకింది.

రెండింటికి మేడ మీద తలుపు చప్పుడైంది. కూతురు ఆసుపత్రికి బయల్దేరే వేళ. ఆమె అడుగులు సరిగ్గా అతని తల మీదుగా దిగుతున్నాయి. ఒక్కో మెట్టూ. చిలక రెండు చేతులతో మెట్ల చెక్కని కొట్టాడు. టక్ టక్. టక్ టక్ టక్.

అడుగులు ఆగాయి.

"నాన్నా?" అంది కూతురు. "మెట్ల కింద ఏంటి ఆ చప్పుడు?"

ముందు గదిలోంచి జవాబు వచ్చింది. తన గొంతు. నవ్వు కలిసిన తన ముసలి గొంతు.

"ఎలుకలమ్మా. మందు పెట్టాను. నువ్వు వెళ్ళు, ఆలస్యమవుతుంది."

"అవును, వాసన కూడా వస్తోంది. టీ తాగావా?"

"తాగాను తల్లీ."

చిలక పిడికిళ్ళతో బాదాడు. తలతో కొట్టాడు. వేరే దారి లేక చెక్క అంచు నోట పట్టి కొరికాడు. ఆ విరిగిన పన్ను చెక్కలో దిగింది.

పైన కూతురు నవ్వింది. "చిన్నప్పుడు నేనిలా కొట్టినందుకే కదూ చెంప వాయించావు?" అంది. అని, పోయే ముందు సరదాకి, కాలితో మెట్టు మీద రెండుసార్లు తన్నింది. దబ్ దబ్. తర్వాత వీధి తలుపు పడింది.

మళ్ళీ ఆదివారం లీడర్ హాజరు పిలిచాడు. వారంలో పెద్ద విశేషాలేమీ లేవు. ఐదో నంబరుకి కంటి ఆపరేషను. నలభై ఒకటి ఒక్కతే వేరే ఇంటికి మారింది. అక్క ఇంకా గ్రూపులోనే ఉంది, మాట్లాడకుండా వింటోంది.

"పన్నెండు?"

"ప్రెజెంట్ సార్. అంతా బాగే. పనుంది, పళ్ళున్నాయి."

"ఏంట్రా చిలకా," అన్నాడు లీడర్, "ఊరందరికీ పళ్ళు కట్టేవాడివి, నీవి నువ్వు సరిగ్గా కట్టుకోలేకపోయావా? ఈల పడుతోంది!"

నవ్వులు. హాజరు సాగింది. ముప్పై ఆరు పలికింది. లీడర్ ఎప్పటిలా ఒక నంబరు వదిలేశాడు.

ఆ వదిలేసిన చోట, ఎవరు పంపారో పేరు లేకుండా, ఒక చప్పుడు వచ్చింది. మాట లేదు. టక్... టక్... టక్. అంతే. చాలా మెల్లగా, ఓపిక అయిపోయినట్టు.

"ఎవడ్రా ఆ కొట్టేది?" అన్నారెవరో. ఐదో నంబరుకి కాలేజీ రోజులు గుర్తొచ్చాయి కాబోలు, తన బల్లని చేత్తో దబదబా బాది ఆ చప్పుడు తిరిగి పంపాడు. అది విని ఇంకొకరు బాదారు. కాసేపట్లో ముప్పై రెండు మందీ, మోకాళ్ళ నొప్పులవాళ్ళూ, మనవలున్నవాళ్ళూ, ఎక్కడివాళ్ళక్కడ బల్లలూ గోడలూ మంచం కోళ్ళూ బాదుతూ, నవ్వుతూ పంపారు. ఎన్నాళ్ళకి నవ్వామో అనుకున్నారు.

అక్క మాత్రం నవ్వలేదు. అందరూ ఆగాక ఒక్క మాట పంపింది.

"ఇవాళ ఎన్నో రోజు, నాయనా?"